ప్రూఫు బాబాయ్ బొటనవేలు

టైలరమ్మ తెచ్చి చూపించిన కాగితం మీద సిరా ఇంకా పూర్తిగా ఆరినట్టు లేదు. అందుకని ప్రూఫు బాబాయ్ దాని మీద బొటనవేలు ఆనించి, మెల్లగా నొక్కి, వేలు తిప్పి చూసుకున్నాడు. అంతే. ఆయన చేసిన నేరం మొత్తం అంతే. కానీ ఆ వేలు పోయి పోయి నిచ్చెన బొమ్మ మీద పడింది. చూస్తున్నదేమో టైలరమ్మ. ఇంకేముంది, కొంప మునిగింది.

అది వార్డు మెంబరు ఎన్నిక కోసం ఎన్నికల ఆఫీసు వాళ్ళు ఇంటింటికీ పంచిన నమూనా ఓటు కాగితం. ఏడుగురి పేర్లు, ఏడు గుర్తులు. గొడుగు, బకెట్టు, తాళంచెవి, నిచ్చెన, దువ్వెన, గాలిపటం, టేబుల్ ఫ్యాను. ఎన్నిక ఇంకో నాలుగు రోజుల్లో ఉందన్న సంగతి ఆ కాగితం వచ్చేదాకా వీధిలో సగం మందికి తెలియనే తెలియదు. పెద్ద ఎన్నికలైతే మైకులు హోరెత్తిస్తాయి, తెలియకపోవడమన్న మాటే ఉండదు. వార్డు మెంబరంటే ఎవరికి పట్టింది?

ఈసారి మాత్రం పట్టించుకోవలసిన పని పడింది. వీధి చివర, యజమాని మొహం ఎవరూ చూడని అద్దె ఇంట్లో నడుస్తున్న చిన్నాసుపత్రిని ఎత్తేసి, పెద్దాసుపత్రిలో కలిపేస్తారని మాట పుట్టింది. కొత్త మెంబరు సంతకం పెడితే పోతుంది, పెట్టకపోతే ఉంటుంది. పెద్దాసుపత్రికి రెండు బస్సులు మారాలి. ప్రూఫు బాబాయ్ భార్యకి, అంటే వీధి వీధంతా పిన్ని అని పిలిచే ఆవిడకి, ఎడమ చీలమండ దగ్గర షుగరు పుండు. రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. గుమ్మం దిగడానికే మొగుడి భుజం పట్టుకునే మనిషి రెండు బస్సులు ఎక్కి దిగడం జరిగే పని కాదు. కట్టు తప్పితే పాదం తీసేయాల్సి వస్తుందని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

"అయితే నిచ్చెనంటావు," అంది టైలరమ్మ గొంతు తగ్గించి.

"నేనెక్కడన్నానమ్మా? సిరా ఆరిందో లేదో చూశాను. నల్లగా ఉన్నచోట ఆలస్యంగా ఆరుతుంది. నిచ్చెన బొమ్మ మందంగా ఉంటుంది కదా."

"అవునవును. మందంగానే ఉంటుంది."

"నిజంగా నాకేం తెలీదు."

"తెలీదులే బాబాయ్. నీకెలా తెలుస్తుంది!" అని టైలరమ్మ కళ్ళతో నవ్వి, కాగితం నాలుగు మడతలు పెట్టి, మెడలో వేసుకున్న కొలతల టేపు సర్దుకుంటూ వెళ్ళిపోయింది.

ఆవిడ తప్పు కూడా కాదు. అసలు ఓటు కాగితాలు అచ్చయింది బాబాయ్ ప్రూఫులు దిద్దే ప్రెస్సులోనే. అవి అచ్చవుతున్న మూడు రోజులూ ప్రెస్సు వాకిట్లో పోలీసు కుర్చీ వేసుక్కూర్చున్నాడు. వీధి జనం అటూ ఇటూ పోతూ చూశారు. పోలీసు కాపలా కాస్తున్నాడంటే లోపల ఏదో రహస్యం ఉన్నట్టే. ఆ రహస్యాన్ని అక్షరం అక్షరం చదివినవాడు బాబాయ్.

చదివాడు, నిజమే. కానీ ఎలా చదివాడు? ప్రూఫుని ఆయన ఎప్పుడూ చివరి నుంచి మొదటికి చదువుతాడు. ముందు నుంచి చదివితే అర్థం తగులుతుంది, అర్థం తగిలితే కన్ను జారుతుంది, తప్పు దాటిపోతుంది. ముప్ఫై ఒక్కేళ్ళుగా అదే అలవాటు. ఏడుగురి పేర్లూ ఇంటి పేర్లతో సహా, వెనకనుంచి కూడా ఆయనకి నోటికొచ్చు. అందులో ఏ ఒక్కడు ఎదురుపడినా గుర్తు పట్టలేడు.

సాయంత్రం పాలు తేవడానికి వెళ్తే పాలాయన అడక్కుండానే అన్నాడు. "మా ఇంట్లో నాలుగు ఓట్లు బాబాయ్. నాలుగూ ఎక్కేస్తాయి." రెండు వేళ్ళు గాల్లో ఒకదాని మీదొకటి వేస్తూ నిచ్చెన ఎక్కినట్టు చూపించాడు.

"నేనేం చెప్పలేదయ్యా."

"నువ్వు చెప్పలేదని ఎవరడిగినా నేను సాక్ష్యం చెప్తాగా!"

బాబాయ్ తల పట్టుకున్నాడు.

మర్నాడు కట్టు మార్చే రోజు. చిన్నాసుపత్రి ముందు గదిలో రెండు బెంచీలు, ఒక బల్ల, మూల చేతులు కడుక్కునే తొట్టి. నర్సమ్మ కింద పీట వేసుక్కూర్చుని, పిన్ని కాలు తన మోకాలి మీద పెట్టుకుని పాత కట్టు విప్పుతోంది. అంటుకున్న చోట మందునీళ్ళు పోసి, నానిన తరువాత గుడ్డ అంచు పట్టుకుని కొంచెం కొంచెంగా లాగుతోంది. పిన్ని పళ్ళు బిగించి గోడవైపు చూస్తోంది.

"ఇంకో వారం ఇలాగే వస్తే నల్లగా ఉన్నదంతా పోతుంది పిన్నీ. ఎర్రగా వస్తోంది చూడు," అంది నర్సమ్మ.

బెంచీ మీద టైలరమ్మ కూడా ఉంది, బీపీ మాత్రల కోసం. ఊరుకోవచ్చుగా! "నీకేం భయం లేదు పిన్నీ. నిచ్చెనాయన గెలిస్తే మన ఆసుపత్రి ఎక్కడికీ పోదు. వీధంతా ఒక్క మాట మీదున్నాం," అంది.

నర్సమ్మ చెయ్యి ఆగింది. కత్తెర తెరిచినట్టే ఉంది, కట్టుగుడ్డ సగం చుట్టినట్టే ఉంది. ఒక్క క్షణం తల ఎత్తి టైలరమ్మ మొహంలోకి చూసింది. మళ్ళీ తల దించి గుడ్డ కత్తిరించింది.

వీధిలో అందరూ బాబాయ్ వేళ్ళు చూస్తున్నారు గానీ, ఆ చెయ్యి ఆగడం చూసింది బాబాయ్ ఒక్కడే. తప్పు వెతకడమే బతుకైనవాడి కన్ను కదా. టైలరమ్మ వెళ్ళేదాకా ఉండి, దగ్గరికి వంగి అడిగాడు. "ఏమ్మా, ఆ నిచ్చెనాయన సంగతి నీకేమైనా తెలుసా?"

"మేం మాట్లాడకూడదండీ. ఎన్నికయ్యేదాకా ఎవరి గురించీ ఒక్క మాట అనకూడదు. సంతకం పెట్టించుకున్నారు."

"తలైనా ఊపు."

"ఉద్యోగం పోతుందండీ," అంది నర్సమ్మ. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేతులు కడుక్కునే తొట్టి దగ్గరికి వెళ్ళి నిలబడింది.

ఇంటికొచ్చాక పిన్ని మంచం మీద కాలు చాపుకుని, కళ్ళజోడు పెట్టుకుని ఒక కరపత్రం చదువుతోంది. నిచ్చెనాయన మనుషులు పొద్దున్న గుమ్మంలో పడేసి పోయినదే అది. ఆవిడ ప్రతి మాటా పెదవులతో కూడబలుక్కుని చదువుతుంది.

"ఏవండీ, ఇది విన్నారా? 'వార్డు ప్రజల ప్రాణాలకు అండయిన చిన్నాసుపత్రిని కంటికి రెప్పలా కాపాడుకోవడమే నా మొదటి కర్తవ్యం.' ఎంత చక్కగా రాశాడండీ! ఎవరి కాలు నొప్పో తెలిసినవాడిలా రాశాడు. మీరు ఊరికే ఎవరినీ మెచ్చుకోరు. అందుకే వేలు పెట్టారన్నమాట."

బాబాయ్ వంగి ఆ కరపత్రంలోకి చూశాడు.

ఆ వాక్యం ఆయనదే. పదకొండేళ్ళ కిందట, రాయడం చేతకాక ఉత్త ఫోటో పట్టుకుని వచ్చే అభ్యర్థుల కోసం, ప్రెస్సు ఓనరు ఒక తయారు మేటరు రాసి పెట్టమంటే మధ్యాహ్నం అన్నం తిన్నాక అరగంటలో రాసి పడేశాడు. అప్పట్నుంచీ ఎవరొచ్చినా అదే. పేరు మారుతుంది, గుర్తు మారుతుంది. ఈ ఏడుగురిలోనూ ఐదుగురు అదే వేయించుకున్నారు. ఈ వార్డులో ఎవరికైనా ఎవరి గురించైనా తెలిసింది ఏమన్నా ఉందంటే, అది బాబాయ్ రాసిందే.

చెప్పేద్దామనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. ఆవిడ కరపత్రాన్ని మడిచి తలగడ కింద పెట్టుకుంటోంది. నెల రోజుల తరువాత ఆ మొహంలో మొదటిసారి బెంగ లేకపోవడం చూశాడు. "నిద్రపో కాసేపు," అని మాత్రం అన్నాడు. అన్నందుకు తన మీద తనకే చెడ్డ కోపం వచ్చింది.

రెండు రోజులు అలాగే గడిచాయి. తిండి సహించలేదు. వీధిలోకి వెళ్తే నవ్వులు, కన్ను గీటడాలు, పాలాయన వేళ్ళ నిచ్చెన. కాదని ఎంత గట్టిగా అంటే అంత గట్టిగా నమ్ముతున్నారు. ఓనరుని అడిగి చూశాడు, ఆ ఏడుగురిలో ఆసుపత్రి సంగతి ఆలోచించేవాడు ఎవరైనా ఉన్నాడా అని. ఓనరు ఆయన్ని వింతగా చూసి, "వేయించుకుంటారు, పోతారు. మనకెందుకండీ?" అన్నాడు. అభ్యర్థుల్నే కలుద్దామని ఆఫీసు ముందు అతికించిన చిరునామాలు రాసుకుని బయలుదేరితే, బకెట్టాయన ఊళ్ళో లేడు. గాలిపటం ఇంటికి తాళం. దువ్వెనాయన నామినేషన్ వేసిన సంగతి ఆయన కోడలికే తెలియదు. మిగిలినవాళ్ళ ఇళ్ళు వెతికేసరికి కాళ్ళు పీకి, పనికి వేళై తిరిగొచ్చాడు.

ఎన్నిక ముందు రోజు మధ్యాహ్నం ఆయన బల్ల మీదికి ఒక ప్రూఫు వచ్చింది. చిన్న ప్రకటన కాగితం, పది లైన్లు. అలవాటు ప్రకారం అడుగు నుంచి మొదలుపెట్టాడు. ముందు ఫోను నంబరు. ఒక్కో అంకె మీదా పెన్సిలు ఆనిస్తూ సరిచూశాడు. దాని పైన ఒక పేరు. తప్పుల్లేవు. ఉండవు మరి, ఆ పేరు ఆయనకి వెనకనుంచి కూడా వచ్చు. నిచ్చెనాయన పేరు.

పెన్సిలు ఆగింది. పైకి వెళ్ళాడు. "అద్దెకు ఇవ్వబడును." ఆ పైన, "పన్నెండు దుకాణాలు." ఆ పైన, "వచ్చే రెండు నెలల్లో." ఆ పైన ఇంటి నంబరు. రోజు విడిచి రోజు పిన్ని మందుల చీటీ మీద చూస్తున్న నంబరే. ముప్ఫై ఒక్కేళ్ళలో మొదటిసారి ఒక ప్రూఫుని మొదటి నుంచి చివరికి, మామూలు మనిషి చదివినట్టు చదివాడు. చిన్నాసుపత్రి ఉన్న ఇల్లు నిచ్చెనాయనది. అది కొట్టేసి దుకాణాలు కడతాడు. అందుకు ఆసుపత్రి ఖాళీ చేయాలి. అందుకు మెంబరు సంతకం కావాలి. ఆ మెంబరుని గెలిపించబోతున్నది తన బొటనవేలు.

బాబాయ్ పెన్సిలు పక్కన పెట్టి గడపవైపు చూశాడు.

ఆ ప్రెస్సులో రాసిపెట్టని నియమం ఒకటుంది. కస్టమరుకి అందకముందు ప్రూఫు గడప దాటకూడదు. పెళ్ళి శుభలేఖైనా సరే, చావు కబురైనా సరే. బాబాయ్ ఎన్నడూ దాటించలేదు. కొత్తగా చేరినవాళ్ళకి ఆ నియమం నేర్పిందే ఆయన. ప్రూఫు దిద్దేశాడు, ఒక కామా పెట్టాడు, సంతకం చేశాడు. తరువాత రెండో కాపీ తీసి, మడిచి, చొక్కా లోపల బనీనుకీ ఒంటికీ మధ్య పెట్టుకున్నాడు. ఓనరు ముందునుంచి నడుచుకుంటూ గడప దాటుతూ, కాగితం గరగరలాడకుండా చొక్కాని అరచేత్తో అదిమి పట్టుకున్నాడు.

టైలరమ్మ కుట్టు మిషను మీదే కాగితం పరిచాడు. ఆవిడ చదివింది. ఒక కాలు తొక్కుడు పలక మీదే ఉండిపోయింది.

"వాడి మొహం మండ! మన నోట్లో మన్ను కొట్టేవాడే. అమ్మో, నాలుగు రోజులుగా ఊరంతా తిరిగి చెప్పానే నేను!" అంటూ లేచింది. గంటలో వీధి మొత్తానికీ తెలిసింది. కాగితం చేతులు మారి మారి, మడతల దగ్గర చిరిగి తిరిగొచ్చింది. బాబాయ్ హమ్మయ్య అనుకున్నాడు. ఎంతసేపు? టైలరమ్మ మళ్ళీ గుమ్మంలోకి వచ్చేదాకా.

"మరైతే ఎవరికి?"

"నాకు తెలీదమ్మా."

"బాబాయ్, ఇంకా దాస్తావేంటి? ఇంత కాగితం తెచ్చినవాడివి ఆ ఒక్క మాట చెప్పలేవా?"

"నా మీద ఒట్టు. తెలీదు."

"ప్రెస్సులో భయపెట్టుంటారు పాపం," అంది టైలరమ్మ వెనక నిలబడ్డ పాలాయనతో. "పోనీలే, బలవంత పెట్టొద్దు. ఆయనే ఎలాగోలా తెలియజేస్తాడు."

ఆ మాట వినగానే బాబాయ్ రెండు చేతులూ జేబుల్లో పెట్టేసుకున్నాడు.

అంతా వెళ్ళాక పిన్ని ముందు కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాడు. వేలు సంగతి, నర్సమ్మ సంగతి, ఆఖరికి ఆ వాక్యం సంగతి. ఆవిడ తలగడ కింది కరపత్రం తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టింది.

"మీరు రాశారా అది?"

"నేనే."

"నా కాలికి పుండు రాకముందే రాశారా?"

"ఎప్పుడో రాశాను. ఏమీ ఆలోచించకుండా రాశాను."

"చదివి ఏడ్చానండీ నేను," అంది పిన్ని. కోపంగా అనలేదు. ఆయనకి అదే భరించడం కష్టమైంది.

ఓటు రోజు తొమ్మిదింటికల్లా ఎండ చురుక్కుమంటోంది. ఓట్లు వేసేది బడి గదిలో. వరస బడి గోడ పక్కగా సాగింది. పెద్ద వరస కాదు, నిచ్చెన మీద కసికొద్దీ ఈ ఒక్క వీధీ కట్టకట్టుకుని వచ్చింది గానీ, మిగతా వార్డు జనం ఎవరి పనుల్లో వాళ్ళున్నారు. బాబాయ్ పిన్నిని వరస పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, తను చేతులు జేబుల్లోంచి తీయకుండా నిలబడ్డాడు. ముక్కు దురద పెట్టినా గోక్కోలేదు. గోడ మీద అంటించిన గుర్తుల పట్టికవైపు తల తిప్పలేదు. వెనక నలభై జతల కళ్ళు తన వీపు మీద ఉన్నాయని ఆయనకి తెలుసు. ఇలాంటి శిక్ష పగవాడికి కూడా వద్దు.

గోడ నీడ జరిగింది. ఎండ పిన్ని మొహం మీద పడింది. ఆవిడ కళ్ళు చిట్లించి, పమిట నెత్తిన వేసుకుని, నీరసంగా ఒక పక్కకి ఒరిగింది. పొద్దున్న ఏమీ తినలేదు. షుగరు మనిషి. బాబాయ్‌కి ఇంకేం గుర్తులేదు. కుర్చీకి తగిలించిన గొడుగు తీసి, టక్కున విప్పి, ఆవిడ తల మీద పట్టాడు.

వరసలో గుసగుస మొదలైంది.

ఆయనకి మొదట అర్థం కాలేదు. టైలరమ్మ ఆయన మోచెయ్యి నొక్కి, "అందింది బాబాయ్," అన్నప్పుడు అర్థమైంది. వెంటనే గొడుగు మూసేశాడు.

"మూసేశాడు చూడు, ఎవరైనా పసిగడతారని," అన్నాడు పాలాయన.

"అయ్యో, ఎండకయ్యా!"

"ఎండకే, ఎండకే."

అక్కడితో ఆగినా బాగుండేది. లోపలినుంచి ఎన్నికల అధికారి పరుగున వచ్చాడు. "ఏమండీ పెద్దాయనా! గొడుగు ఒక అభ్యర్థి గుర్తు. ఇక్కడ విప్పకూడదు. ప్రచారం కింద కేసు రాయాల్సి ఉంటుంది. ఇటివ్వండి," అని గొడుగు లాక్కుని తీసుకెళ్ళి బల్ల కింద పెట్టుకున్నాడు. ఏ మూలైనా అనుమానం మిగిలినవాళ్ళకి దాంతో అది కూడా తీరిపోయింది.

పిన్ని కుర్చీలోంచి ఆయన్ని చూసింది. మొగుడి మొహం చూసి ఆవిడకి అంత నీరసంలోనూ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

లోపల అట్టముక్కల చాటున బాబాయ్ ఓటు కాగితం పరిచాడు. తను దిద్దిన కాగితమే. ముద్ర చేతిలో పట్టుకుని పై నుంచి కిందికి చదివాడు, కింద నుంచి పైకి చదివాడు. నిచ్చెన తీసేస్తే ఆరుగురు. ఆ ఆరుగురిలో ఎవరు ఏమిటో దేవుడికి తెలియాలి. గొడుగు మీద ముద్ర ఎత్తాడు, దించలేకపోయాడు. "తొందరగా కానివ్వండి," అని బయటనుంచి ఎవరో అన్నారు. వీధి మొత్తం ఆయన మాట మీద ఓటు వేస్తోంది. ఆయన మాత్రం కాగితాన్ని ఖాళీగా మడిచి పెట్టెలో వేశాడు.

గొడుగు గుర్తు డెబ్భై ఒక్క ఓట్లతో గెలిచింది. నిచ్చెనకి యాభై ఎనిమిది వచ్చాయి.

ప్రూఫు బయటికి పోయిన సంగతి నిచ్చెనాయన ద్వారా ఓనరుకి తెలిసింది. ఓనరు అరవలేదు. "ఇంకొకడైతే పోలీసులకి ఇచ్చేవాణ్ణి. మీరు కాబట్టి ఇంటికి పొమ్మంటున్నాను," అన్నాడు. బాబాయ్ తన పెన్సిళ్ళు రెండూ తీసుకుని వచ్చేశాడు. కాబట్టి మూడో రోజు పొద్దున్న పదకొండు గంటలప్పుడు, గెలిచినాయన పూలదండ చేత్తో పట్టుకుని వెతుక్కుంటూ వచ్చేసరికి బాబాయ్ ఇంట్లోనే ఉన్నాడు.

నలభై ఏళ్ళుంటాయి. సైకిళ్ళ దుకాణం అట. చేతి గోళ్ళలో గ్రీజు ఇంకా ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీ వీధి ఓట్లన్నీ మీ మాట మీదే పడ్డాయని టైలరమ్మ గారు చెప్పారండీ. నేను అసలు డిపాజిట్ వస్తుందనుకోలేదు. మా బావమరిది పందెం కాసి నామినేషన్ వేయించాడు. మీ రుణం ఎలా తీర్చుకోవాలో..." అంటూ దండ ఎత్తబోయాడు.

బాబాయ్ చేత్తో ఆపాడు. "అది ఉంచండి. చిన్నాసుపత్రి సంగతి ఏం చేస్తున్నారు?"

"ఏ ఆసుపత్రండీ?"

లోపల మంచం మీద పిన్ని కాలు కదిలిన చప్పుడైంది.

"మీ కరపత్రంలో ఉంది కదండీ. కంటికి రెప్పలా కాపాడుకుంటానని."

"అది ప్రెస్సువాళ్ళు రాసిచ్చిందండీ. నేను సరిగ్గా చదవను కూడా లేదు," అన్నాడతను, నిజం చెప్పేసి సిగ్గుపడుతూ. "నిన్ననే ఏదో ఫైలు వచ్చింది. ఆసుపత్రి గురించేనేమో. సంతకం చేయమన్నారు. రేపు ఆఫీసుకెళ్ళి చేసేద్దామని..."

బాబాయ్ చెప్పులు వేసుకున్నాడు. "పదండి," అన్నాడు.

"ఎక్కడికండీ?"

"ఆ సంతకం పెట్టేముందు అక్కడ నర్సమ్మ ఒకామె ఉంది, ఆమె మాట వినండి. ఇప్పుడు మీకు చెప్పొచ్చు ఆమె. ఎన్నికైపోయింది."

"నన్ను కూడా రానివ్వండి," అంది పిన్ని లోపల్నుంచి. "కట్టు మార్చే రోజేగా."

ముగ్గురూ వీధిలో పడ్డారు. పిన్ని బాబాయ్ భుజం పట్టుకుని అడుగులో అడుగు వేస్తుంటే, గెలిచినాయన దండ ఏం చేసుకోవాలో తెలియక చంకలో పెట్టుకుని పక్కన నడిచాడు. టైలరమ్మ కిటికీలోంచి చెయ్యి ఊపింది. కొంత దూరం పోయాక అతను అడిగాడు.

"ఒక్క మాట చెప్తారా? అంతమందిలో నన్నే ఎందుకు ఎంచుకున్నారు? నా గురించి మీరేం విన్నారు?"

"ఏమీ వినలేదండీ. మీరెవరో కూడా నాకు తెలీదు."

అతను నడక ఆపి బాబాయ్ మొహంలోకి చూశాడు. వారం రోజులుగా బాబాయ్ ఆ మాట ఊరందరికీ చెప్పాడు, ఒట్టు వేసి మరీ చెప్పాడు. నమ్మినవాడు ఇతనొక్కడే. ఆ సంగతి అతని మొహంలో రంగు దిగిపోవడం చూస్తేనే తెలిసింది.

"మరిప్పుడు నేనేం చెయ్యాలండీ?" అన్నాడు చిన్న గొంతుతో.

"ముందు ఈవిడ రెండో చెయ్యి పట్టుకోండి," అన్నాడు బాబాయ్. "అక్కడ మెట్లున్నాయి."